లస్కరు బాబాయిగారి డ్రాఫ్టులు

మా లస్కరు బాబాయిగారు పోయారు. ఆ కబురు పొద్దున్న ఏడింటికి మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కాసేపటికల్లా దాని కింద దణ్ణాల బొమ్మలు బారులు తీరాయి. ఎనిమిదింటికి ఎవరో మహానుభావుడు ఆ దణ్ణాల కిందే, మధ్యాహ్నం కరెంటు ఉండదని పెట్టాడు. దానికీ నలుగురు దణ్ణాలు పెట్టారు. నేను అప్పుడు మా నర్సరీలో గులాబీ అంట్లకి నీళ్ళు పెడుతున్నాను. పైపు అక్కడే పడేసి వెళ్ళాను.

ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజులు. జన్మంతా కాలువ గట్టు మీద బతికిన మనిషిని సాగనంపి వచ్చినవాళ్ళు స్నానం చెయ్యడానికి కాలువలో చెంబెడు నీళ్ళు లేవు. బోరు కింద తలా రెండు చెంబులు పోసుకుని ఇళ్ళకి పోయారు. ఆయన చూసి ఉంటే తిథి అడిగేవారు కాదు, కాలువ ఎప్పుడు వదులుతారని అడిగేవారు.

నేను ఎప్పుడూ మొక్కల గురించే రాస్తాను. ఈసారి మనిషి గురించి రాస్తున్నాను. మీకు ఆయన తెలియదు. తెలియవలసిన మనిషి. ఆయన్ని ఆయన మాటల్లోనే లోకానికి తెలియజేద్దామని నేనే బయల్దేరదీశాను, నేనే చెడగొట్టాను. ఆ సంగతి ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి కదా.

లస్కరంటే కొందరికి తెలియకపోవచ్చు. మా డెల్టాలో కాలువల మీద లాకులుంటాయి. ఎగువన నీళ్ళు ఎత్తులో, దిగువన పల్లంలో ఉంటాయి కాబట్టి పడవ దాటడానికి మధ్యలో ఒక తొట్టి కట్టి, దానికి రెండు వైపులా తలుపులు పెడతారు. ఆ తలుపులు తియ్యడం, వెయ్యడం, రోజూ నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం లస్కరు పని. బాబాయిగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో పడవలు ఇంకా తిరిగేవి. తరవాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి. ఆయన మాత్రం రిటైరయ్యేదాకా నీటిమట్టం రాస్తూనే ఉన్నారు. రిటైరయ్యాక కూడా పొద్దున్నే గట్టు దాకా వెళ్ళొచ్చి, ఎవరూ అడక్కపోయినా, "ఇవాళ నాలుగు వేళ్ళు తగ్గిందమ్మా" అని మా గుమ్మంలో చెప్పి వెళ్ళేవారు.

చుట్టరికం లేదు. పక్కిల్లు. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నించీ ఆయన్ని బాబాయిగారు, ఆయన భార్యని పిన్నిగారు అనే పిలుస్తున్నాను.

ఆయనకో అలవాటుండేది. ఇద్దరికి టీ పోస్తే, రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, వంగి చూసి, ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి పోసి, రెండూ ఒక్క మట్టానికి వస్తే గానీ ఇచ్చేవారు కాదు. ఈలోపు టీ చల్లారిపోయేది. "ఏంటి బాబాయిగారూ ఈ చాదస్తం" అంటే, "చాదస్తం కాదమ్మా, ఉద్యోగం" అనేవారు. లాకు తలుపు సంగతి అప్పుడే చెప్పారు. "తలుపుతో కొట్లాడకూడదమ్మా. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉండగా పదిమంది తోసినా కదల్దు. రెండు పక్కలా సమం అయిందనుకో, చంటిపిల్ల తోసినా వచ్చేస్తది." నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు కదా, దాన్ని కూడా ఆయన తనకి కావలసినట్టు తిప్పుకున్నారు. "నీరు పల్లమెరుగు, పల్లం లస్కరెరుగు."

నాలుగేళ్ళ కిందట రాజమండ్రిలో ఒక హోటల్ హాల్లో, బ్లాగులూ సోషల్ మీడియాలో రాసేవాళ్ళకి సదస్సు పెట్టారు. మొక్కల గురించి నేను రాసే నాలుగు ముక్కలు ఎవరో చూసి నన్నూ రమ్మన్నారు. అలాంటి చోటికి అంతకుముందు నేను వెళ్ళిన పాపాన పోలేదు. మా ఆయనకి కుదరలేదు. ఒక్కదాన్నీ వెళ్ళాలంటే బెరుకు. అరుగు మీద కూర్చుని మా మాటలన్నీ విన్న బాబాయిగారు, "నేనొస్తాను పదమ్మా. సభే కదా, వెనక్కాల కూచుంటాను" అన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో చిన్న డైరీ, సంచీలో మంచినీళ్ళ సీసాతో తయారైపోయారు.

హాలు బయట బల్ల దగ్గర, మెళ్ళో కార్డు వేసుకున్న అమ్మాయి నా వివరాలు రాసుకుని ఆయన వైపు తిరిగింది.

"అంకుల్, మీ హ్యాండిల్ చెప్పండి."

బాబాయిగారు కంగారుపడ్డారు. లాకు తలుపులు తిప్పే ఇనప హ్యాండిలు లస్కరు దగ్గరే ఉంటుంది. అది పోతే ఆయనే జవాబు చెప్పుకోవాలి.

"హ్యాండిలు నా దగ్గర లేదమ్మా. రిటైరైన రోజునే ఆఫీసులో అప్పజెప్పేశాను. సంతకం కూడా పెట్టించుకున్నారు."

"అంటే డిలీట్ చేసేశారా అంకుల్?"

"ఏమోనమ్మా. మళ్ళీ ఎవరికీ ఇచ్చినట్టు లేదు. పడవలే లేవు కదా, ఇంకెందుకు?"

ఆ అమ్మాయి నా మొహం చూసింది. ఇంటర్నెట్‌లో మన పేరుని హ్యాండిల్ అంటారని నేను ఆయన చెవిలో చెప్పాను. హాలంతా వినపడేలా నవ్వారు. తిరిగి వచ్చే బస్సులో కూడా అది తలుచుకుని కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉన్నారు.

లోపల ఏసీకి వణికిపోయాం. మా ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కరూ వేదిక వైపు చూడలేదు, అందరూ వేదికని ఫోన్లో చూస్తున్నారు. మీ బ్లాగుకి ట్రాఫిక్ ఎలా తెచ్చుకోవాలి అని ఒకాయన అరగంట చెప్పాడు. "మా లాకు దగ్గర ఒకప్పుడు భలే ట్రాఫిక్కమ్మా" అన్నారు బాబాయిగారు నెమ్మదిగా. ఆ తరవాత వచ్చిన కుర్రాడు చురుకైనవాడు, మాటకారి. అతను చెప్పింది ఇది: "రెండు పోస్టులు పెట్టి ఆగిపోతే మళ్ళీ మీ మొహం ఎవరూ చూడరు. ముందు వంద రాసి డ్రాఫ్టుల్లో దాచుకోండి. వంద అయ్యాకే తలుపులు తియ్యండి."

తలుపులు అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో. బాబాయిగారు డైరీ తీసి, తేదీ వేసి, "వంద" అని రాసి కింద గీత గీశారు.

ప్రశ్నలడగమంటే లేచి నిలబడ్డారు కూడా. "నమస్కారమండి. నేను రాసిన రిజిస్టర్లన్నీ చెదలు పట్టాయని ఆఫీసువాళ్ళు తగలేశారండి. మరి ఇందులో రాస్తే ఉంటదాండి?"

"ఇంటర్నెట్‌లో పెట్టింది ఎప్పటికీ పోదు సార్," అన్నాడు కుర్రాడు. జనం చప్పట్లు కొట్టారు. బాబాయిగారు కూడా కొట్టారు.

భోజనాల వేళ సోఫాలో కూర్చుని నేనే ఆయన ఫోన్లో బ్లాగు తెరిచిపెట్టాను. పేరు ఆయనే చెప్పారు, "లాకు దగ్గర". ఆయన నెంబరు ఆయనకే గుర్తులేకపోతే, భద్రత కోసం నా నెంబరు ఇచ్చాను. పాస్‌వర్డ్ దగ్గర మాత్రం, పొద్దున్న విన్న పాఠం కొద్దీ పెద్ద తెలిసినదానిలా మొహం పక్కకి తిప్పుకున్నాను. "ఎవరికీ చెప్పకూడదు బాబాయిగారూ, నాకు కూడా." ఆయన ఒక్క వేలితో కొట్టుకుని, డైరీలో రాసుకున్నారు.

అప్పట్నించీ రాశారు. పిన్నిగారు బియ్యం ఏరుకుంటుంటే పక్కనే కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతుంటే రాశారు. మా ఇంటికి వచ్చి నీటిమట్టం చెప్పినట్టే లెక్క చెప్పేవారు. ఇరవై రెండు. నలభై. అరవై ఏడు. ఒక్కటైనా పెట్టెయ్యండని బతిమాలాను. "సమం కానీయమ్మా" అనేవారు. నేను గట్టిగా పోట్లాడవలసింది. ఆ కుర్రాడు చెప్పింది వేదవాక్కు కాదని, వంద కాకపోతే కొంప మునగదని చెప్పవలసింది. నవ్వి ఊరుకున్నాను. ఒకే ఒక్కటి నాకు చదివి వినిపించారు, తలుపు ఇరుక్కుపోయి పెళ్ళివారి పడవ పూటంతా లాకులో నిలిచిపోయిన సంగతి. ఎంత బాగుందో. అందులో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు నాకు ఉన్నదున్నట్టు గుర్తులేదు.

పిన్నిగారికి చదువు రాదు. "ఏంటో అస్తమానూ గీకుతారు, ఒకటి చదివి వినిపించరు" అని ఆవిడ సణుగుడు. "వందా అవ్వనీ, కూచోబెట్టి అన్నీ వినిపిస్తాను. నీ గురించి కూడా ఒకటి రాశాను" అన్నారట. ఏం రాశారో చెప్పలేదట. ఆ వయసులో ఆవిడ సిగ్గుపడుతూ నాకు చెప్పిన మాట ఇది.

తొంభై మూడు దగ్గర జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా పోయారు.

పెద్దకర్మ అయ్యాక పిన్నిగారు డైరీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఆయన రాసినవన్నీ అక్కర్లేదమ్మా. నా గురించి రాసింది ఒక్కటి చదివి పెట్టు. అది విని ఊరుకుంటాను" అన్నారు. ఎంతసేపు పని, రండి అన్నాను. ఫోన్ తెరిచి చూస్తే అందులో ఏమీ లేదు. పిన్నిగారు వాడుకోవడానికి వీలుగా ఉంటుందని వాళ్ళ అల్లుడుగారు దాన్ని శుభ్రంగా రీసెట్ చేసి, పెద్ద అక్షరాలు పెట్టి ఇచ్చారు. మంచి ఉద్దేశమే.

సరే, పాస్‌వర్డ్ ఉంది కదా. డైరీలో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: లాకుతలుపు. తెలుగులో. ఫోన్లో పాస్‌వర్డ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఇక చూడండి. లాకుకి ఒక ఏ పెట్టారా, రెండా? లేక ఇంగ్లీషు స్పెల్లింగ్ తెలుసు కాబట్టి లాక్ అని సరిగానే రాసి చివర యూ తగిలించారా? త కి ఒట్టి టీ యా, మనందరం రాసినట్టు టీ పక్కన హెచ్చా? లు కి యూ నా, డబుల్ ఓ నా? మన భాషలో ఒక్కటే రాత ఉన్న మాటకి ఆ భాషలో ఇన్ని రాతలుంటాయని అప్పుడే తెలిసింది. కాగితం మీద వరస రాసుకుని ఒక్కొక్కటే కొట్టాను. కాసేపటికి, మీరు చాలాసార్లు ప్రయత్నించారు, ఇక చాలు అంది ఫోను.

నా ఫోన్‌కి కోడ్ పంపిస్తానంది. ప్రాణం లేచి వచ్చింది. ఆ తరవాత నెంబరు చివరి అంకెలు చూశాను. అది నా పాత నెంబరు. నర్సరీలో సిగ్నల్ రావడం లేదని రెండేళ్ళ కిందట ఆ సిమ్ తీసి పారేశాను. బాబాయిగారి బ్లాగు దానికి కట్టి ఉందని నాకు గుర్తు కూడా రాలేదు.

ఆ నెంబరుకి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆ నెంబరు వచ్చినాయన ఎవరో ఎత్తారు. ఉన్న సంగతంతా చెప్పి, మీకో కోడ్ వస్తుంది, దయచేసి అది నాకు చదివి చెప్పండి అన్నాను.

"ఓటీపీ చెప్పాలాండి?"

"అవునండి. మోసం కాదండి. ఆయన పోయారండి, ఆయన రాసుకున్నవి అందులో ఉండిపోయాయండి."

"పోయినాయన పేరు చెప్పి అడుగుతున్నారా? ఆడవారు, సిగ్గుండాలండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తానే ఉన్నారు. మేం అంత ఎర్రిబాగులోళ్ళలా కనపడుతున్నామాండి?"

మర్నాడు మా ఆయన ఫోన్‌తో చేశాను. "ఓహో, మీరిద్దరూ ఒక ముఠాయాండి" అని పెట్టేశారు. ఆ తరవాత ఇక కలవలేదు. తిట్టేటప్పుడు కూడా అండి వదలని మా వైపు మనిషే. ఆయన చేసిన తప్పు ఏమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. బ్లాగు కంపెనీకి ధ్రువపత్రాలన్నీ పెట్టి రాశాను. ఖాతాదారుకి తప్ప ఎవరికీ ఇవ్వలేమని జవాబు వచ్చింది. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే జవాబు, కామాతో సహా. తొంభై మూడూ ఎక్కడో భద్రంగానే ఉన్నాయి. పోలేదు. ఎప్పటికీ పోవు. ఎవరికీ రావు.

నిన్న సాయంత్రం పిన్నిగారు వచ్చారు. "దొరికిందా అమ్మా?" అన్నారు. ఈ పదిహేను రోజులుగా చూస్తున్నానండీ, చూస్తున్నానండీ అని దాటేస్తూ వచ్చాను. ఈసారి ఫోన్లో బ్లాగు తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను. అది ఎవరికైనా తెరుచుకుంటుంది. పైన పేరు ఒక్కటే ఉంటుంది.

"ఇదేనా ఆయన రాసింది?"

"పేరండి. పేరు ఆయనే పెట్టారు."

చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ అక్షరాల మీద వేలు ఆనించి చూసుకున్నారు. తరవాత ఫోన్ నాకిచ్చి, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు.

"చదువమ్మా" అన్నారు.

లాకు దగ్గర, అని చదివాను. దాని కింద అంతా తెల్లగా ఉంది.

"ఊఁ" అన్నారు పిన్నిగారు.