మావాళ్లు దారిలో ఉన్నారు

డాక్టరంకుల్ పోయారన్న కబురుతో పాటు మన హౌసింగ్ ఎస్టేట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫోటో, ఒకప్పుడు ఆయన్ని వెక్కిరించడానికి తీసిన ఫోటో. రోడ్డు పనివాళ్లు వేసుకునే పసుపు జాకెట్, చేతిలో చెత్త ఏరే కర్ర, రోడ్డు పక్క గడ్డిలో వంగిన మనిషి. పోయిన గురువారం పొద్దున దాని కింద దండాలు, పూలు, దీపాలు వరసగా వచ్చి పడ్డాయి. మూడేళ్ల కిందట ఇదే ఫోటో కింద, ఇదే గ్రూపులో, "రిటైరయ్యాక డాక్టర్ గారికి మంచి జాబ్ దొరికింది" అని రాసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఆయనది వేరే ఫోటో ఒక్కరి దగ్గరా లేదు. ఎందుకు ఉంటుంది? ఆయన పిలిచిన చోటికి మనలో ఒక్కరం కూడా వెళ్లలేదు.

కోపంగా రాస్తున్నానని అనుకుంటే అనుకోండి. ఆ ఫోటో తీసింది నేనే.

నా సంగతి మన ఎస్టేట్‌లో చాలామందికి తెలుసు. నా భార్య నర్సు, ఆమె వెంట ఐర్లండ్ వచ్చినవాణ్ణి నేను. నేవన్ దగ్గర గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. డిగ్రీ మధ్యలో వదిలేశాను, తర్వాత చదివిందంతా నా అంతట నేను చదువుకున్నదే. పుట్టినరోజు పార్టీల్లో "ఏ కంపెనీ అండీ?" అని అడిగి, జవాబు విని, బిర్యానీ దగ్గరికి జారుకున్నవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను. అందుకే ఆ శనివారం పొద్దున, పెద్ద ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు చేసిన డాక్టరు చెత్త ఏరుతూ కనిపిస్తే, కారు ఆపి ఫోటో తీశాను. నాకంటే కింద ఒకడు దొరికాడని లోపల ఎంత సంతోషమో. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

సాయంత్రం ఆయన మా తలుపు కొట్టారు. గొడవకే వచ్చారనుకున్నాను.

"ఏవయ్యా, ఫోటో తీసింది నువ్వేనంటగా. బాగానే వచ్చింది గానీ, వెనక నిండిన సంచులు నాలుగున్నాయి, అవి పడలేదు. కష్టమంతా వాటిల్లోనే ఉంది. ఈసారి ముందే చెప్పు, పొట్ట లోపలికి లాక్కుంటా."

ఆయనే అందుకున్నారు. "నువ్వేం చేస్తుంటావు? ఫోర్క్‌లిఫ్టా! స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు తిరుగుతాయంట కదా, మరి మలుపులో ఎట్లా అంచనా వేస్తావు?" వాకిట్లోనే పావుగంట నిలబడి విన్నారు. ఈ దేశంలో నా పని గురించి నన్ను ఒక తెలుగువాడు రెండో ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

అప్పుడు చెప్పారు కమ్యూనిటీ కౌన్సిల్ సంగతి. దానికి జీతం లేదు, అధికారం లేదు. ఊరి హాలు చూసుకోవడం, గుండె ఆగినవాళ్లకి షాకిచ్చే, గోడకున్న యంత్రం పనిచేస్తుందో లేదో వారం వారం చూడటం, రోడ్ల అంచున చెత్త తీయడం, కౌంటీ ఆఫీసుకి, అంటే మన జిల్లా ఆఫీసు లాంటిదానికి, ఉత్తరాలు రాయడం, అన్నీ ఊరివాళ్లు తమంతట తామే చేసుకుంటారు. అందులో మన ఎస్టేట్‌కి రెండు కుర్చీలు. ఒకటి ఆయనది. రెండోది ఖాళీ.

"మంగళవారం ఏడింటికి హాలుకి రా."

"తప్పకుండా అంకుల్, ట్రై చేస్త."

"తప్పకుండానా, ట్రై చేస్తావా? రెండూ ఒకేసారి ఎట్లా అవుద్దయ్యా?" అని నవ్వారు.

వెళ్లలేదు. మళ్లీ నెల అడిగారు. మళ్లీ అదే మాట. మీలో ఎంతమంది గుమ్మాల ముందు ఆయన ఇలాగే నిలబడ్డారో, ఎంతమంది "పక్కా వస్తాం అంకుల్" అన్నారో నాకు తెలుసు. పెద్దాయన మొహం మీద కాదనలేం, అది మన మర్యాద. హాలుకీ వెళ్లం, అదీ మన మర్యాదే కాబోలు. ఈ ఊరివాళ్ల పద్ధతి వేరు. రాలేనివాడు ముందే కబురు పెడతాడు, మీటింగ్ మొదట్లో వాళ్ల పేర్లు చదువుతారు, అంతటితో అయిపోతుంది. మనం మాత్రం రామని ఏనాడూ చెప్పలేదు.

ఆయన దేనికోసం తిరిగారో గుర్తుచేస్తాను. మన ఎస్టేట్ నుంచి బడి దాకా ఉన్న రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు. మలుపు దగ్గర ముళ్ల కంచె రోడ్డు మీదికి వాలి ఉంటుంది, పాల ట్యాంకర్ వస్తే పిల్లలు అందులోకి ఒదగాలి. ప్రతి సోమవారం పొద్దున ఆయన పసుపు జాకెట్ వేసుకుని ఆ మలుపులో చెయ్యి చాపి నిలబడేవారు. ఆరేళ్ల నా కూతురు ఆయన్ని దాటేటప్పుడు చెయ్యి ఆయన చేతికి తగిలించి పరిగెత్తేది. "తెలుగులో ఒక్క మాట చెబితేనే దారి ఇస్తా" అనేవారు. "ఐయామ్ గ్రాండ్, అంకుల్!" అని ఇక్కడి పిల్లల యాసలో ఇది అరిచేది. "అది తెలుగేనా తల్లీ?" అంటూనే దారి వదిలేవారు.

కౌంటీకి రాసే ఉత్తరాలు పెన్సిల్‌తో రాసి మా ఇంటికి తెచ్చి చదివి వినిపించేవారు. ఒకసారి నాకు మండి, "అంకుల్, గింత మెత్తగ రాస్తే ఎవడు ఇంటడు? మీ పిల్లలైతే గిట్లనే ఊకుంటరా అని రాయుండ్రి" అన్నాను.

"కోపం నీ దగ్గరే పెట్టుకో, పనికొస్తుంది. కాగితం మీద మలుపు పొడవెంతో రాద్దాం. కోపానికి వాళ్లు జవాబు చెప్పేస్తారు. పొడవుకి చెప్పలేరు."

మర్నాడు ఇద్దరం టేపు పట్టుకుని ఆ మలుపు కొలిచాం. ఒక చివర ఆయన, ఇంకో చివర నేను, మధ్యలో వాన. ఆయన పిలిస్తే నేను చేసిన పని మొత్తం అదొక్కటే. ఇప్పుడు డ్యూటీకి వెళ్తూ ఆ మలుపు దగ్గర కారు దానంతట అదే నెమ్మదిస్తుంది. అవతలి చివర టేపు పట్టుకుని ఎవరో ఉన్నారని చూస్తాను. కంచె ఉంటుంది.

ఆయన్ని దహనానికి డబ్లిన్ తీసుకెళ్లిన రోజు మనం కార్లలో వెనకాల వెళ్లాం. ఊరివాళ్లు రోడ్డుకి ఇరువైపులా నిలబడ్డారు. అందరికీ పసుపు జాకెట్లే. ఫుట్‌పాత్ లేని ఆ అంచునే, గడ్డిలో, తలలు వంచుకుని. నేను అద్దం లోంచి చూస్తూ వాళ్లని దాటి వెళ్లిపోయాను. దిగి వాళ్ల పక్కన నిలబడాలని తోచేసరికి మలుపు దాటిపోయింది.

తర్వాత హాల్లో టీ ఇచ్చారు. కౌన్సిల్ పెద్ద ఒక పాల రైతు, అరవై ఏళ్ల ఆవిడ. డాక్టరంకుల్ మీటింగులకి తెచ్చే బియ్యప్పిండి చెక్కల డబ్బా అలమారలోంచి తీసి నా ముందు పెట్టింది. అడుగున ఇంకా నాలుగు ఉన్నాయి.

"మా డాక్, అదే మీ డాక్టరు, వచ్చీ రాగానే రెండు కుర్చీలు లాగేవాడు. తనకొకటి, పక్కన ఒకటి. దాని మీద ఎవర్నీ కోటు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. 'ఎవరికి డాక్?' అంటే, 'మావాళ్లు దారిలో ఉన్నారు' అనేవాడు. మూడేళ్లు అదే మాట. 'రోడ్డు అంత బాగాలేదా?' అని మేం ఏడిపించేవాళ్లం. రాలేదని రాసుకోనా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. 'రానన్నవాడికి నేను కుర్చీ వెయ్యను. వీళ్లు వస్తామన్నారు' అనేవాడు."

నా చేతిలో చెక్క విరిగింది. ఆవిడ అటు తిరిగి కప్పులు కడుక్కుంది.

మన "తప్పకుండా" అర్థం తెలియని మనిషి కాదు ఆయన. గుంటూరులో పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలిసే ప్రతి నెలా కుర్చీ లాగారు. మన పరువు మనం తీసుకున్నాం, ఆ హాల్లో ఆయన కాచారు.

ఈ మంగళవారం ఏడింటికి కౌంటీ ఇంజినీరు హాలుకి వస్తున్నాడు, ఫుట్‌పాత్ గురించి. మన రెండు కుర్చీలూ ఖాళీగా ఉంటే, అడిగేవాళ్లే లేరని మన ఫుట్‌పాత్ కాగితం కట్టల అడుక్కి వెళ్లిపోతుంది. మలుపు అలాగే ఉంటుంది, పిల్లలూ అలాగే నడుస్తారు, చెయ్యి చాపే మనిషి మాత్రం ఉండడు.

నేను వెళ్తున్నాను. ఆయన కుర్చీలో కాదు, పక్కన నాకోసం వేసిన దాంట్లో కూర్చుంటాను. ఆయన జాకెట్ హాల్లో కొక్కేనికి ఇంకా వేలాడుతోంది. పొట్టి మనిషి కదా, చేతులు రెండు మడతలు పెట్టుకునేవారు. ఆ మడతలు అలాగే ఉన్నాయి. వేసుకుని చూడమని ఆవిడ అంది. వేసుకోలేదు. వేసుకుంటే మడతలు విప్పాలి.

ఆయన కుర్చీకి మనిషి కావాలి. ఆదివారం సాయంత్రం ఆరు గంటల లోపు నా తలుపు కొట్టి చెప్పండి. వస్తాను అనండి, లేదా రాను అనండి. "ట్రై చేస్తాను" అన్నవాళ్లకి నేను కుర్చీ వెయ్యను.