గొలుసు ప్రార్థనలో నా గంట

ఆ రోజు పోర్టు డ్యూటీకి బయలుదేరుతూ మా ఆయన సుందరరావు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎడమ కాలి చెప్పు జారిపోయింది. జారినట్టు ఆయనకు తెలియలేదు.

"ఏటే, కాళ్ళు రెండూ తిమ్మిరెక్కుతన్నాయి. నీ ఉప్మా బరువేమో" అని నవ్వారు.

సాయంత్రానికి మెట్లెక్కలేకపోయారు. మర్నాడు గ్లాసు పట్టుకోలేకపోయారు. ఆసుపత్రిలో నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశాక డాక్టరుగారు, "జీబీఎస్ అమ్మా. జబ్బులతో పోరాడే శక్తి తన నరాల మీదే తిరగబడింది. చాలామంది లేస్తారు, అందరూ లేవరు" అన్నారు. దానికిచ్చే ఐవీఐజీ ఇంజెక్షన్లు మొదలుపెట్టేలోపే ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది.

వన్ టౌన్‌లోని మా చర్చి సంఘం గొలుసు ప్రార్థన పట్టింది. మాలో ఎవరికైనా ప్రాణాపాయం వస్తే గంటకొకరు చొప్పున పంచుకుని, ప్రార్థన తెగకుండా చూస్తాం. మధ్యాహ్నం ఒక గంట నాది. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని చేసేదాన్ని. పక్కన సముద్రపొడ్డు పల్లె యారాడ నుంచి వచ్చిన పైడమ్మ ఉండేది. చేపల వేటకు వెళ్ళే ఆమె భర్త అప్పన్నకూ ఇదే జబ్బు.

"మా దేవుడు వేరమ్మా. అయినా మా ఆయన పేరు కూడా ఓపాలి సెప్పు. ఇనకపోతాడేటి?" అంది.

ఇద్దరి కోసం ఒకే మాటలతో ప్రార్థించాను.

ఒకనాడు నేను ప్రార్థిస్తుండగానే అప్పన్న గుండె ఆగిపోయింది. ఆ మర్నాడే మా ఆయన బొటనవేలు కదిలింది. నర్సు పరుగున వచ్చి చెబితే ఎగిరి గంతేయాలనిపించింది, వెంటనే సిగ్గేసింది. ఏళ్ళ తరబడి సండే స్కూల్లో పిల్లలకు చెప్పిన జవాబుల్లో ఒక్కటీ పైడమ్మ ఏడుపు ముందు నిలవలేదు.

సంఘంలో పెద్దావిడ మరియమ్మత్తకు ఫోన్ చేశాను. "అత్తా, దేవుడున్నాడో లేడో తెలీట్లేదు. నా గంట ఇంకొకరికి ఇచ్చెయ్యండి."

"ఇవ్వను. కూకుని తిట్టు."

"దేవుణ్ణా?"

"లేడనుకుంటే మరెవర్ని తిడతావే? ఇన్నేళ్ళు కాపురం చేసి తిట్టడం రాదేటి?"

తిట్టాను. రోజూ అప్పన్న పేరు పెట్టి నిలదీశాను. జవాబు రాలేదు. కానీ అడిగేకొద్దీ, వింటున్నవాడు లేచి వెళ్ళిపోలేదన్న ధైర్యం నాలో పెరిగింది. మధ్యలో మా ఆయనకు నిమోనియా వచ్చింది. తిట్లు ఎక్కువయ్యాయి. చివరకు ఊపిరి కోసం గొంతులో పెట్టిన ట్రేకియాస్టమీ గొట్టం తీసిన రోజున మా ఆయన బొంగురు గొంతుతో అన్న మొదటి మాట, "సేపల పులుసెప్పుడు?" డాక్టరుగారు కూడా నవ్వారు. నేను వరండాలోకి పరుగెత్తి, కనిపించిన ప్రతివారికీ ఆ మాట చెప్పాను.

వాకర్ మీద ఆయన మందిరానికి వచ్చిన ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ప్రార్థించాం గనుక లేచారు అనడం మా అలవాటు. అలా అనడానికి నాకు నోరు రాలేదు.

"ఇద్దరి కోసం ప్రార్థించాను. ఈయన లేచారు, అప్పన్న లేవలేదు. ఎందుకో దేవుణ్ణి ఇంకా అడుగుతున్నాను" అన్నాను.

మరియమ్మత్త ఒక్కతే గట్టిగా "ఆమెన్" అంది. తర్వాత మందిరమంతా అందుకుంది. నా ప్రశ్నకు కూడా అక్కడ చోటుంది.

ఇప్పుడాయన కర్ర లేకుండా నడుస్తున్నారు, లైట్ డ్యూటీకి వెళ్తున్నారు. పైడమ్మ, నేను ఫోన్‌లో మాట్లాడుకుంటాం.

ఒక్క మాట. రెండు కాళ్ళలో తిమ్మిరి మొదలై పైకి పాకుతుంటే, బలం మాత్రలు వేసుకుంటూ ఆగకండి. ఆ రోజే న్యూరాలజీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. దారిలో ప్రార్థన వస్తే చేయండి, రాకపోతే తిట్టండి. ఆటోను మాత్రం ఎక్కడా ఆపకండి.