ఎడంచేతికి లాటిన్ పేరు

రాజోలు దగ్గర హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెబుతాను. ఆమధ్య ఓ పాఠంలో సినిస్టర్ అనే మాట వచ్చింది. "కీడు తలపెట్టినట్టు కనిపించేది" అని అర్థం చెప్పి ముందుకు పోబోతుంటే, ముందు బెంచీ పిల్ల లేచి, "ఆ మాట ఎక్కణ్ణించొచ్చిందండి టీచరుగారూ?" అంది. నాకు తెలీదు. తెలీదని ఒప్పుకునే అలవాటూ లేదు. "రేపు చెబుతా, కూర్చో" అన్నాను.

ఇంటికెళ్ళి ఫోన్లో వెతికితే ఒళ్ళు మండింది. లాటిన్లో సినిస్టర్ అంటే ఎడమ. అంతే! పూర్వం రోములో పక్షులు ఏ పక్కన ఎగిరాయో చూసి శకునం చెప్పేవారట. మొదట్లో ఎడమే మంచిదట. తర్వాత గ్రీకుల పద్ధతి చూసి మనసు మార్చుకుని, ఎడమవైపు వచ్చేదంతా అశుభం అన్నారట. అలా ఒక పక్కకి పెట్టుకున్న పేరు కాస్తా దుర్మార్గానికి పేరైపోయింది. కుడిని మాత్రం డెక్స్టర్ అన్నారు. అందులోంచి పుట్టిన ఇంగ్లీషు మాటకి అర్థం, చేయి తిరిగినవాడని! ఇంత పక్షపాతమా?

నాకెందుకంత ఉక్రోషమంటే, నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు కంచం దగ్గర ఎడంచెయ్యి ముందుకొస్తే మా అమ్మ దాన్ని తువ్వాలుతో నడుముకి కట్టేసేది. "కడుక్కునే చేత్తో తింటావా, అప్రాచ్యపుదానా!" అనేది. ఎడమ కన్ను అదిరితే ఆడవాళ్ళకి శుభమని మురిసిపోయే మనిషి, ఎడంచేతిని మాత్రం క్షమించలేదు.

ఆ పాఠం చెప్పిన నెల్లోనే అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అమలాపురం ఆసుపత్రి నించి మా ఇంటికి తీసుకొచ్చాను. మాట బాగానే ఉంది, ఇంకాస్త పదునెక్కింది కూడా. చిక్కంతా తిండి దగ్గరే. నేను తినిపించబోతే "చంటిపిల్లనా?" అంటుంది. చెంచా ఇస్తే, అదీ ఎడంచేత్తోనేగా అంటుంది. గ్లాసుడు పాలు, కాస్త పళ్ళరసం, అంతే. పదిరోజులకి గాజులు మోచేతిదాకా జారాయి. "ఒంట్లోకి తిండి వెళ్ళకపోతే మందులు పనిచెయ్యవండి" అన్నారు డాక్టరుగారు. ఈ పట్టింపే మా అమ్మని తీసుకుపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

కాస్త నవ్విద్దామని లాటిన్ సంగతి చెప్పాను. "చూశావా, ఆళ్ళకి కూడా తెలిసిందే!" అంది. లాటిన్ పక్కన పెట్టి, పాలగ్లాసు అందించాను.

ఆదివారం మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసి, రెండు కంచాలు వడ్డించి, అమ్మకి ఎదురుగా కూర్చున్నాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అమ్మ గుడ్లప్పగించి చూసింది. తిడుతుందనుకున్నాను. రెండో ముద్ద తిన్నాను. మూడోది కూడా తిన్నాను.

"ఏమే, ఒక్క మెతుకు కింద పడట్లేదు. ఎన్నాళ్ళనించి తింటున్నావిలాగ?"

"నువ్వు చూడనప్పుడల్లా తింటూనే ఉన్నానమ్మా. నలభై ఏళ్ళు దాటింది."

అమ్మ కొంగు కింద దాచుకున్న ఎడంచెయ్యి బయటికి తీసి కంచంలో పెట్టింది.

"మెల్లిగా కలుపు. నేనూ చూసి కలుపుకోవాలి కదా" అంది.