ఆఁ, మేలుకునే ఉన్నాన్రా

ఇనుము, నిప్పు, నెత్తురు కలిసిన మహాగాథ ఒకటి చెబుతాను, కాచుకోండి. బోలెడు పర్వాలు రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే, నిద్ర చాలని ఒక మనిషి, ఆయన కింద నిలబడ్డ ఇంకో మనిషి, అంతే తేలారు. పర్వం మాట అటుంచి, పేజీ నిండితే గొప్ప.

రాయ్‌పూర్ శివార్లలో ఇనుప కడ్డీల రోలింగ్ మిల్లు ఒకటి. పైన క్రేన్ నడిపేది బాబాయ్. చుట్టమేమీ కాదు, శ్రీకాకుళం వాడైతే చాలు, ఇక్కడ బాబాయే. కింద కడ్డీల కట్టలకు గొలుసులు తగిలించేది మా బావ. వాకీటాకీ పట్టుకుని ఎత్తమనీ దించమనీ పైకి చెప్పేది నేను.

ఆ రోజు హరేలీ పండగ. ఇక్కడి రైతులు నాగళ్ళను కడిగి పూజ చేసి, ఆ పూటకి వాటికి పని చెప్పరు. బాబాయ్‌ని దించాల్సిన ఆపరేటరు పండక్కి ఆరంగ్ దగ్గర వాళ్ళ ఊరెళ్ళాడు. బదులు మనిషి రానిదే దిగకూడదన్నది మా మిల్లు ధర్మం. అందుకని ముందురోజు పొద్దున ఎక్కిన బాబాయ్ పండగ మధ్యాహ్నానికీ పైనే ఉన్నాడు. నాగలిగా పుట్టినా బాగుండేది.

అలసటకు మా సూపర్‌వైజర్ దగ్గర మందుంది. ఉండుండి వాకీటాకీలో పిలవాలి. జవాబొస్తే మెలకువ, రాకపోతే నిద్ర.

"బాబాయ్, మేలుకున్నావేటి?"

"ఆఁ, మేలుకునే ఉన్నాన్రా."

మళ్ళీ పిలిచినా అదే మాట, అదే సాగదీత. నాకు అనుమానం తగిలింది.

"బాబాయ్, పిన్ని ఇంకో పెళ్ళి సేసుకుంతాదట. పండరీ బజార్లో సీరలు కొంతంది."

"ఆఁ, మేలుకునే ఉన్నాన్రా."

బావ పగలబడి నవ్వాడు. "ఆయన నిద్దర్లో కూడా డ్యూటీ సేస్తన్నాడ్రా! నీకు మెలకువలో కూడా సేతకాదు."

"నవ్వు బావా, నవ్వు. ఆ కట్ట నీ నెత్తి మీదే ఏలాడతంది."

బావ పైకి చూశాడు. నవ్వు ఆపి పక్కకు జరిగాడు.

నేను సూపర్‌వైజర్ని పిలుచుకొచ్చాను. "సాబ్, ఆపరేటర్ సో రహా హై."

"జవాబ్ దే రహా హై న?"

"దే రహా హై సాబ్, మగర్ నీంద్ మే." జవాబిస్తున్నాడు గానీ నిద్దర్లో అని నా మొర.

"తో జాగ్ రహా హై. లారీ ఖడీ హై, చలో!"

జవాబిచ్చేవాడు మేలుకున్నట్టే, లారీ ఆగకూడదు. తీర్పు అయిపోయింది. కట్ట దించే ముందు అడుగున చెక్కదుంగలు పెట్టాలి, పెట్టేది బావే. వంగాడు.

"బాబాయ్, ఆగు, దించకు!" అన్నాను.

"ఆఁ, మేలుకునే ఉన్నాన్రా," అంటూనే కట్ట దిగింది. ఏ మాట వినబడినా లీవరు తోసేంత అలవాటు పడిపోయింది ఆ చేతికి.

బావ కేకకి బాబాయ్ నిజంగా మేలుకున్నాడు. బావ కుడి పాదం సగం మాత్రమే మిగిలింది. సగం చెప్పు అమ్మరు కాబట్టి జత మొత్తం కొనాలన్నాడు బావ, ఆస్పత్రిలో మత్తు దిగగానే.

బావ భార్య, మా అక్క, బాబాయ్‌ని నాలుగు దులిపేద్దామని వార్డు బయటికి వచ్చింది. ఆయన బెంచీ మీద కూర్చునే నిద్రపోతున్నాడు. తిట్టాలంటే ముందు లేపాలి. అక్క లేపలేదు.

విచారణలో తప్పు బాబాయ్‌దని తేలింది, పనిలోంచి తీసేశారు. కొత్త ఆపరేటరుకీ బదులు మనిషి రాకపోతే దిగే వీల్లేదు. భద్రత కోసమని కట్టలు దిగేచోట చుట్టూ పసుప్పచ్చ గీత గీయించారు. వానాకాలంలో ఆ రంగు ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ లారీలు ఆగాయి.