మిరప కూలీకి ఇచ్చిన సిమ్

మాది చర్ల పక్క పల్లె. మిరప కోతలొస్తే రైతులు ఒకరి కూలీల ముఠాను ఒకరు ఎత్తుకుపోతారు, అన్నదమ్ములైనా సరే. అందుకని ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా మా చేనుకు కూలీలను తీసుకొచ్చే కోయ ఆమెకు ఒక ఫోన్ కొనిచ్చి, నా ఆధార్ మీద సిమ్ తీసిచ్చాను. ఇక్కడ చాలామంది చేసే పనే. నెట్ కూడా నేనే వేయిస్తే, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పిల్లల ఫొటోలు పంపేది. అది ఇలా మెడకు చుట్టుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో దగ్గర్లోని క్యాంపు నుంచి ఇద్దరు పోలీసులు మామూలు బట్టల్లో వచ్చారు. వసారాలో కుర్చీలు వేశాను.

"ఈ నంబర్ మీదేనా అమ్మా?" అన్నాడు పెద్దాయన. "మావోయిస్టుల కోసం మేం నిఘా పెట్టిన చోట తిరుగుతున్నది. ఎవరికిచ్చిండ్రు?"

మిరపకాయలు ఏరే మనిషి సార్, ఇద్దరు పిల్లల తల్లి, అంతకుమించి ఏం తెలియదు అన్నాను. రోజంతా బేరాలాడే మా ఆయన వాళ్లకు మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయాడు.

"అయితే భయమెందుకు? ఫోన్ చెయ్యండి. మేమున్నట్టు చెప్పొద్దు. కొంచెంసేపు మాట్లాడితే ఎక్కడున్నదో తెలుస్తది."

ఇవాళ ఆమె గుట్ట ఎక్కకుండా ఉంటే బాగుండునని దేవుళ్లందరికీ మొక్కుతూ నంబర్ నొక్కాను. రింగయింది. ఎత్తింది.

"అక్కా! మిరపకు రమ్మంటవా?" వచ్చీరాని తెలుగులో ఎంత సంతోషమో.

పెద్దాయన కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. రెండో ఆయన తన ఫోన్‌లో ఎవరితోనో గుసగుసలాడుతున్నాడు. పిల్లలెట్లున్నరు, వానలు తగ్గినయా అని అడిగాను. పెట్టెయ్, అక్కణ్ణుంచి వెళ్లిపో అని అరవాలనుంది. నా ఇల్లు, నా పిల్లలు గుర్తొచ్చి మాటలు పొడిగించాను.

"నీ గొంతేంది అక్కా, గట్లున్నది? జొరమా? గోళీ ఏసుకో," అంది.

"అవ్, కొంచెం జొరమే," అన్నాను.

చాలన్నాడాయన. చాయ్ కూడా తాగి వెళ్లారు. తర్వాత ఆమె సంగతి మాకెవరూ ఏమీ చెప్పలేదు. అడిగే ధైర్యం మాకూ లేదు.

ఇప్పుడు చేనంతా ఎర్రబడింది. పక్క చేలల్లో ముఠాలు దిగాయి. మా ఆయన రోజూ ఫోన్ తెచ్చి నా చేతిలో పెడుతున్నాడు. ఆ నంబర్ నొక్కలేకపోతున్నాను. ఎత్తకపోతే ఆమెకు ఏమైందోనని భయం. ఎత్తితే, ఎక్కడుందో మళ్లీ నేనే చూపించినట్టవుతుందని అంతకన్నా భయం.