సీరియల్ అయిపోయాకే పిల్లవాణ్ణి పంపుతారట

మా చెల్లెలి కొడుక్కి కొడుకు పుట్టి ఐదో నెల నడుస్తున్నా, ఆ పిల్లవాడు నాందేడులోని సొంత ఇంటికి రాలేదు. కోడలి తల్లి పంపనన్నది. కారణం జబ్బు కాదు, ముహూర్తం కాదు. టీవీలో మా చెల్లెలు వేసే అత్త వేషం. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. మా ఊరు కర్ఖేలి బడిలో మరాఠీలో నాలుగు తరగతులు, అంతే. తెలుగు మాత్రం ధర్మాబాద్ మోండా బజారులో మిరపకాయ బస్తాల మీది రాతలు, సినిమా పోస్టర్లు చూసి సొంతంగా నేర్చుకున్నాను. అయినా వేషానికీ మనిషికీ తేడా నాకు తెలుసు. అది తెలియనివాళ్ళు మా వైపు ఎంతమంది ఉన్నారో, చెల్లెలు నాటకాల్లోకి దిగిన రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను.

ఆమె మొదటి వేషం గణపతి పండుగ నాటకంలో. అప్పట్లో మా ఊళ్ళో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. ఆ ఏడు రాణి వేషం కట్టాల్సిన మనిషి మీసం తీయనని మొండికేశాడు. ఇంటికి పిల్లనిచ్చిన మామ వచ్చి ఉన్నాడట, ఆయన ముందు బోడి మూతితో తిరగలేడట. మీసానికి కొంగు అడ్డం పెట్టుకొని కానిచ్చేద్దామని కొందరన్నారు. చివరికి, రిహార్సల్సు చూసి చూసి అందరి మాటలూ నోటికి పట్టేసిన మా చెల్లెల్ని నిలబెట్టారు. రాజు అడవికి వెళ్ళగొడితే ఆమె ఏడ్చిన ఏడుపుకు ఊరంతా ఏడ్చింది. మర్నాడు రాజు వేషగాడికి హోటల్లో చాయ్ పోయలేదు. పాపం అతను వడ్రంగి. ఎవరినీ ఎక్కడికీ వెళ్ళగొట్టినవాడు కాదు.

తరువాత నాందేడులో మరాఠీ నాటకాలు. ఆమె మరాఠీలో తెలుగు యాస ఉందని ఇక్కడివాళ్ళు, తెలుగులో మరాఠీ యాస ఉందని హైదరాబాదువాళ్ళు. యాస లేని నోరు ఎవరికుందో చూపించమని నేను అడిగాను. ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

ఆ తరువాత రేడియో. రైతుల కార్యక్రమంలో ఆమె రైతు భార్య. ఆమె పని ప్రశ్నలు అడగడమే, పత్తికి మందు ఎప్పుడు కొట్టాలి, ఎంత కొట్టాలి అని. జవాబులు ఇంకొకాయన చెప్పేవాడు. అయినా ఆమె ఊరికి వస్తే చాలు, పత్తి పురుగును ఆకుతో సహా కొంగున ముడేసుకొని ఆడవాళ్ళు వచ్చేవారు. నాకేమీ తెలియదంటే నమ్మేవారు కారు. ఊరందరికీ రేడియోలో చెప్తావు, మాకు చెప్పడానికి నోరు రాదా అని అలిగి పోయేవారు. ఒకామె పురుగును మా అరుగు మీదే వదిలేసి పోయింది.

ఈ మధ్య టీవీ. నెలలో కొన్నాళ్ళు రైలెక్కి హైదరాబాదు పోయి షూటింగు చేసి వస్తుంది. కోడలిని పీడించే అత్త. అయితే ఆ అత్త అరవదు, తిట్టదు. మెల్లగా నవ్వి, తల్లీ బంగారూ అంటూ పాలగ్లాసు అందిస్తుంది. ఆ పాలలో ఏదో కలిపి ఉంటుంది.

ధర్మాబాద్‌లో ఉండే వియ్యపురాలు ఆ సీరియల్ ఒక్క రోజు కూడా విడవదు. పెళ్ళప్పుడు, మా వియ్యపురాలు టీవీ మనిషి అని బజారంతా చెప్పుకున్నది కూడా ఆమే. కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చాక సీరియల్లో పాలగ్లాసు మొదలైంది. దాంతో భయం పట్టుకుంది. నేను అడగడానికి పోతే నిమ్మళంగా చెప్పింది.

"సీరియల్ అయిపోనియ్యి బావా. తెల్లారే తోలిస్త."

ఎప్పుడు అయిపోతుంది? అది మొదలైన రోజుల్లో ఊళ్ళో మా కొట్టంలో పుట్టిన దూడ ఇప్పుడు ఈని పాలు కూడా ఇస్తోంది. చెల్లెలు డైరెక్టరుకు ఫోను చేసి, నన్ను చంపెయ్యండి, లేదంటే కాశీకైనా పంపండి అని బతిమాలింది. వేషం బ్రహ్మాండంగా పండింది, ఇంకో ఇద్దరు కోడళ్ళను దింపుతున్నామని అతను సంతోషంగా చెప్పాడట. ఫోను పెట్టేసి ఆమె నావైపు చూసింది.

"నేను ఎత్తుకోకముందే పిల్లగాడు నడుస్తడేమో అన్నా."

అది విని నేను మళ్ళీ ధర్మాబాద్ పోయాను. ఒక్కసారి నాందేడు ఇంటికొచ్చి కళ్ళారా చూడమని వియ్యపురాలిని ఒప్పించాను. ఆమె ఆదివారం వచ్చింది, ఒక్కతే. ముందు తాను చూస్తుందట, తల్లీబిడ్డల సంగతి ఆ తరువాతట. వెంట టిఫిను డబ్బా, నీళ్ళ సీసా తెచ్చుకుంది. మా చెల్లెలి ఇంట్లో నీళ్ళు కూడా పనికిరావన్నమాట.

చెల్లెలు ఆ రోజు మాట్లాడినంత మెత్తగా మాట్లాడటం నేను పుట్టి ఎరుగను. ఎదురు పోయి చేతులు పట్టుకుంది. రా వదినె, బంగారం, ఎండలో ఎంత అలిసిపోయినవో అని నవ్వింది. వియ్యపురాలి ముఖం పాలిపోయింది. కుర్చీ అంచున కూర్చుంది. చెల్లెలు ఇంకా మెత్తబడింది. ఈమె ఎంత మెత్తబడితే ఆమె అంత తలుపు వైపు జరిగింది. ఇక లాభం లేదని నేను నటన అనే కళ గురించి మొదలుపెట్టాను. పైకి ఏ వేషం కట్టినా మనిషి లోపల వేరుగా ఉంటాడని, ఉదాహరణలతో సహా చెప్పాను.

"లోపల వేరే ఉంటదనే గద బావా నా భయం," అన్నది.

చాయ్ వచ్చింది. చెల్లెలు బిస్కెట్ల కోసం లోపలికి తిరగగానే, వియ్యపురాలు కప్పు ఎత్తి కిటికీలోని తులసి కుండీలో కుమ్మరించింది. చెల్లెలు అప్పుడే ఇటు తిరిగింది. ఆమె ముఖంలో నవ్వు ఎటు పోయిందో పోయింది.

"ఏంది వదినె నువ్వు చేసిన పని? పొద్దుగాల లేచి గల్లీలన్ని తిరిగి బర్రెపాలు తెస్తి నీకోసం. తులసమ్మకు చాయ్ పోస్తవా? సక్కెర ఎక్కువైతే ఎక్కువైందని చెప్పు, నోరు లేదా నీకు?"

నేను ఊరుకోమన్నాను.

"నువ్వు సప్పుడు జేయకు అన్నా. నీ ముచ్చట్లు ఇని ఇనే చాయ్ సల్లగయ్యింది."

అయిపోయింది, ఇక పిల్లవాడు నౌకరీలో చేరాకే మా గడప చూస్తాడు అనుకున్నాను. వియ్యపురాలు మాత్రం కుర్చీలో వెనక్కి జారి, కాళ్ళు చాపి కూర్చుంది.

"గిప్పుడు మనిషి లెక్క మాట్లాడినవు వదినె. టీవీల గామె ఒక్కపారి గూడ ఒర్రదు, తిట్టదు. గింతసేపు నువ్వు నవ్వుతుంటె నా పానం పానంల లేదు."

చెల్లెలి కోపం ఇంకా దిగలేదు. తులసి కుండీ కడుగుతూనే ఉంది.

"నా బిడ్డను గూడ గిట్లనే తిడతవా?" అని వియ్యపురాలు అడిగింది.

"తప్పు జేస్తే తిడత. నిన్ను అడిగి తిట్టాల్నా?"

"తిట్టు. నవ్వకు, అంతే."

ఆ తరువాత ఇంకో కప్పు చాయ్ అడిగి తాగింది. చక్కెర ఎక్కువే ఉందని చెప్పింది.

మరుసటి వారం కోడలు, పిల్లవాడు వచ్చారు. వియ్యపురాలు కూడా నాలుగు రోజులు ఉందామని వచ్చింది. సాయంత్రం సీరియల్ వేళకు వియ్యపురాళ్ళిద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. పిల్లవాడు మా చెల్లెలి ఒళ్ళో. తెర మీద ఆమె పాలగ్లాసు పట్టుకొని నవ్వుకుంటూ వస్తోంది. దీని చేతులు ఇరగ, ఎంత పాపిష్టిదో చూడు వదినె, అని వియ్యపురాలు వేలు చూపించి తిడుతోంది. చెల్లెలు పిల్లవాడి కాళ్ళు నిమురుతూ, అవును, దానికి సిగ్గే లేదు అని వంత పాడుతోంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, కానీ అక్కడ నా మాట వినేవాళ్ళు ఎవరు?

రేపు కోడలు ఆ పాలు తాగుతుందా తాగదా అని వియ్యపురాలు అడిగింది. ఆ ముక్క ఎప్పుడో షూటింగులో చేసి వచ్చిన మనిషి, తెర మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"నాకేం ఎర్క వదినె. చూద్దాం."