వియ్యంకుడి వేలు, నా దవడ

దవడకు ఆపరేషన్ అయ్యాక నేను మొదట కసితీరా కొరికింది మా వియ్యంకుడి చూపుడు వేలు. పళ్లు ఎముక దాకా దిగాయి. నలుగురు పట్టి లాగితే గానీ వదల్లేదు.

అంతకుముందు రెండేళ్లు దవడ కీలు పట్టేసి నా నోట్లోకి చెంచా కూడా సరిగ్గా పోయేది కాదు. రోజూ అంబలే. బిడ్డ నిశ్చితార్థం రోజున నిర్మల్ నుంచి వచ్చిన వియ్యంకుడు, నోరు తీపి చేస్తానంటూ లడ్డూ తెచ్చి నా పెదాలకేసి అదిమాడు.

"నోరు తెరువు బావా! పెండ్లిపిల్ల లెక్క సిగ్గువడుతున్నవేంది?"

నొప్పికి నా కళ్లవెంట నీళ్లు కారుతుంటే పందిరంతా నవ్వింది.

తర్వాత కరీంనగర్‌లో డాక్టరు చెవి ముందర చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టంతో కీలు బాగుచేశాడు. కొన్నాళ్లకు జొన్నరొట్టె తిన్నాను, భయం లేకుండా ఆవలించాను. అయినా నాకు కావలసింది అది కాదు.

మనుమడిని ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ రోజున వియ్యంకుడు మళ్లీ లడ్డూ పట్టుకొచ్చాడు. నోరు బార్లా తెరిచాను. లడ్డూతో పాటు వేలు లోపలికి రాగానే గట్టిగా మూశాను. ఆయన కెవ్వుమన్నాడు. ఆ అరుపు లడ్డూ కన్నా తియ్యగా ఉంది.

ఎముక, నలుగురు అన్నది కాస్త పెంచి రాశాను. గాటు మాత్రం పడింది.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ అంది: "గాటెక్కడిది? గాయన చెయ్యి గుంజుకుంటే నీ కట్టుడుపండ్లు ఊడి గాయన వేలుతోని బయటికొచ్చినయ్. గా దినం గూడ అందరు నిన్ను జూసే నవ్విండ్రు."